ముందు గాజున్న కంప్యూటర్ క్యాబినెట్ చెన్నై గదికి పనికొస్తుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. వేళచ్చేరిలో గ్రౌండ్ ఫ్లోర్ అద్దె గది, ఏసీ లేదు. రైజెన్ 7 7700 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4070 సూపర్ గ్రాఫిక్స్ కార్డు, ఏటీఎక్స్ సైజు మదర్‌బోర్డు ఇప్పటికే కొనేశారు. ఇవన్నీ బిగించే డబ్బాకి, అంటే క్యాబినెట్‌కి, 5 వేలు మిగిలాయి. ముందూ పక్కా గాజుతో, ఆరు రంగుల ఫ్యాన్లతో ఉన్నది ఒకటి నచ్చింది. అది తీసుకోవచ్చా, దాంతోపాటు ప్రాసెసర్‌ని చల్లబరిచే వాటర్ కూలర్ కూడా పెట్టాలా అని అడిగారు.

తీసుకోవద్దండి. ముందు వైపు జాలీ ఉన్న క్యాబినెట్ చూడండి, దాని ఫిల్టరు చేత్తో లాగితే ఊడిరావాలి, ఫ్యాన్లు మూడు చాలు. వాటర్ కూలర్ అక్కర్లేదు. 7700కి 155 మి.మీ. ఎత్తుండే మామూలు టవర్ కూలర్ హాయిగా సరిపోతుంది. ఆ డబ్బులో కొంత క్యాబినెట్‌కి కలపండి.

నేను నెల్లూరు నుంచి వచ్చి చెన్నైలో 14 ఏళ్లుగా సిస్టమ్‌లు కట్టి ఇస్తున్నాను. ఎక్కువమంది వడపళని, సాలిగ్రామం వైపు ఎడిటింగ్ చేసుకునేవాళ్లు, ఐటీ పిల్లలు, కొందరు ఆర్కిటెక్టులు. కట్టడమే కాదు, రెండు మూడేళ్ల తర్వాత అవే మిషన్లు నా దగ్గరికి సర్వీసుకి వస్తాయి. కొన్న రోజున క్యాబినెట్ ఎలా మెరిసింది అన్నదానికంటే, మూడో ఏడు అది ఎలా తిరిగొస్తుందో చూసి నేర్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

ముందు వేడి సంగతి. మీ కార్డు 220 వాట్లు, ప్రాసెసర్ పూర్తి పనిలో 88 వాట్ల దాకా తీసుకుంటుంది. అంటే 300 వాట్ల పైచిలుకు. పాతకాలం 100 వాట్ల గుండు బల్బులు మూడు ఒక డబ్బాలో పెట్టి వెలిగించినట్టు. ఆ వేడంతా గాలితోనే బయటికి పోవాలి, వేరే దారి లేదు. మీరు యూట్యూబులో చూసే పరీక్షలు చాలావరకు 21, 22 డిగ్రీల గదుల్లో చేసినవి. ఇక్కడ మే నెలలో కత్తిరి ఎండలు మొదలయ్యాక ఏసీ లేని గది రాత్రి పదింటికి కూడా 34, 35 డిగ్రీల దగ్గరే ఉంటుంది. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే లోపలి భాగాలు కూడా దాదాపు అన్నే పెరుగుతాయి. అక్కడ 70 చూపించిన కార్డు మీ గదిలో 83 చూపిస్తుంది. మీ కార్డు హద్దు 90, ప్రాసెసర్ హద్దు 95. హద్దు తాకితే కాలిపోవు, వేగం తగ్గించుకుంటాయి. కానీ అంతకు ముందే ఫ్యాన్లు హోరెత్తిపోతాయి, గదిలో మాట వినపడదు.

ఇలాంటి గదిలో ముందు వైపు గాజు బిగించి, పక్కన వేలెడు సందులోంచి గాలి పీల్చుకోమనడం, ముక్కు మూసి పరిగెత్తమనడమే. వెనక ఆరు ఫ్యాన్లు పెట్టినా లాభం లేదు, వాటికి అందే గాలే తక్కువ.

సాలిగ్రామంలో ఒక ఎడిటర్ గారికి సరిగ్గా ఇలాంటిదే ఉండేది. రెండు గంటల వీడియో ఎక్స్‌పోర్టు మూడు గంటలు పడుతోందని, ప్రాసెసర్ మార్చాలేమోనని పిలిచారు. నేను వెళ్లి చేసిన మొదటి పని, ఎక్స్‌పోర్టు నడుస్తుండగానే పక్క గాజు తీసి పక్కన పెట్టడం. పావుగంటలో కార్డు 11 డిగ్రీలు దిగింది. ప్రాసెసర్ మార్చలేదు, క్యాబినెట్ మార్చాం. ఈ పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు: మూత తీస్తే రెండు మూడు డిగ్రీలే తగ్గితే క్యాబినెట్ బాగానే ఊపిరి పీల్చుకుంటోంది. ఎనిమిది, పది తగ్గితే దానికి ఊపిరాడటం లేదు. అలాగని మూత తీసేసి వాడేయకండి. దుమ్ము మాట అటుంచి, ఇంకో కారణం కూడా ఉంది, కిందకి వచ్చాక చెప్తాను.

గాజున్నవన్నీ చెడ్డవని నేను అనను. ఈమధ్య చేపల తొట్టిలా ముందూ పక్కా గాజుతో వచ్చేవి, అడుగు నుంచీ లోపలి పక్క నుంచీ ఫ్యాన్లతో గాలి తీసుకునేలా చేసినవైతే బాగానే చల్లబరుస్తాయి. ఏసీ గదిలో, బల్ల మీద పెట్టుకునేవాళ్లకి అవి కట్టి ఇచ్చాను కూడా. కానీ వాటికి ఫ్యాన్లు విడిగా కొనాలి, మీ 5 వేలు ఎటూ చాలవు. పైగా అడుగు నుంచి గాలి తీసుకునేది నేలకి దగ్గరగా ఉంటే చీపురులా పనిచేస్తుంది.

ఇప్పుడు దుమ్ము. నా లెక్కలో చెన్నైలో క్యాబినెట్ ఎంచుకోవడమంటే సగం ఇదే. ఆర్కాట్ రోడ్డు పొడవునా మెట్రో రెండో దశ పనులు మొదలయ్యాక, ఆ చుట్టుపక్కల ఇళ్ల నుంచి వచ్చే మిషన్లు తెరిస్తే సిమెంటు రంగు దుమ్ము. మామూలు దుమ్మైతే బ్లోయర్ పెడితే పోతుంది. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆ దుమ్ము తడిసి, వంటింటి తాలింపు ఆవిరి కలిసి, కూలర్ రేకుల మధ్య జిడ్డుగా పేరుకుపోతుంది. సాంబ్రాణి రోజూ వేసే ఇళ్లలో మరీను. మూడేళ్లు తుడవని కూలర్ మీద గాలి రేకుల మధ్యకి పోదు, పైపైనే తిరిగి వచ్చేస్తుంది.

అందుకే నేను ఎవరికి చెప్పినా ఒకే మాట: మీరు నెలకోసారి తుడవగలిగే క్యాబినెట్ కొనండి. ఎంత మంచి కంపెనీదైనా, ఫిల్టరు తీయాలంటే నాలుగు స్క్రూలు విప్పి ముందు మూత పీకాల్సి వస్తే ఎవరూ తీయరు. మొదటి నెల తీస్తారు, రెండో నెల బద్ధకిస్తారు, ఆ తర్వాత దసరాకి ఆయుధపూజ రోజున బొట్టు పెట్టేటప్పుడు గుర్తొస్తుంది. షాపులో ఈ పని మీరే చేసి చూడండి. ముందు మూత లాగండి, ఊడొచ్చిందా? దానికి ఫ్యాన్ల వైర్లు గానీ లైట్ల వైర్లు గానీ వేలాడుతున్నాయా? వేలాడితే వద్దు, నాలుగుసార్లు లాగేసరికి ఆ వైరు తెగుతుంది. కింద ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే పెట్టె) ఫిల్టరు ముందు నుంచి వస్తుందా, వెనక నుంచా? వెనక నుంచైతే తుడిచిన ప్రతిసారీ క్యాబినెట్‌ని గోడ దగ్గర్నుంచి జరపాలి. పక్క నుంచో ముందు నుంచో వచ్చేది దొరికితే వదలకండి. పైన అయస్కాంతంతో అతుక్కునే ఫిల్టరు ఉంటే చాలా మంచిది.

ఫిల్టరు తుడవడం పెద్ద పనేం కాదు. కుళాయి కింద కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి, తడిగా మాత్రం పెట్టకండి. బ్లోయర్ వాడితే ఫ్యాను రెక్కని వేలితో పట్టుకుని కొట్టండి. గాలికి బొంగరంలా తిరగనిస్తే బేరింగు పోతుంది.

జాలీలో కూడా రెండు రకాలు. ఒకటి చాలా సన్నని రంధ్రాల జాలీ, అదే ఫిల్టరు. రెండోది పెద్ద రంధ్రాల రేకు, వెనక నైలాను ఫిల్టరు. మొదటిది అందంగా ఉంటుంది గానీ ఇక్కడి దుమ్ముకి త్వరగా పూడుకుపోతుంది, రేకు కాబట్టి రుద్ది తుడవాలి. రెండోదే నాకు ఇష్టం. నైలాను చిరిగినా మళ్లీ కత్తిరించి వేసుకోవచ్చు.

ఫ్యాన్ల దగ్గర చాలామంది తప్పు చేస్తారు. ముందు రెండు లోపలికి, వెనక ఒకటి బయటికి. అంతే. ముందు వచ్చే గాలి ఫిల్టరు దాటి వస్తుంది కాబట్టి, లోపలికి వచ్చేది బయటికి పోయేదానికంటే కాస్త ఎక్కువుంటే సందుల్లోంచి దుమ్ము దూరదు. పైన ముందు భాగంలో ఒక ఫ్యాను బయటికి పెడితే, ముందు నుంచి వచ్చిన చల్ల గాలి కూలర్‌ని చేరకముందే పైకి పోతుంది. పైన పెట్టాలంటే వెనక మూలకి పెట్టండి. కట్టాక ఒక అగరొత్తి వెలిగించి వెనక సందుల దగ్గర పట్టండి. పొగ లోపలికి పోతుంటే మీరు ఫిల్టరు లేని దారిలోంచి దుమ్ము పిలుస్తున్నట్టు. అప్పుడు వెనక ఫ్యాను వేగం కొంచెం తగ్గిస్తే చాలు.

మీరు చెప్పిన ఆరు ఫ్యాన్ల క్యాబినెట్ల గురించి ఇంకో మాట. ఆ ధరలో వచ్చేవాటికి చాలాసార్లు ఫ్యాన్లన్నీ ఒక చిన్న హబ్బుకి ఆ కంపెనీకే చెందిన ఆరు పిన్నుల వైరుతో కలిపి, ఎస్‌ఎంపీఎస్ నుంచి మోలెక్స్ అనే ప్లగ్గుతో నేరుగా పవర్ ఇస్తారు. వేగం మారదు, ఎప్పుడూ ఒకటే రొద. ఒకటి పోతే అలాంటిది బయట దొరకదు. వేగం మార్చగలిగే నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం ఫ్యాన్లు మూడు, వాటికంటే చాలా మేలు. బోర్డే వేగం చూసుకుంటుంది. లైట్లు కావాలనే ఉంటే పెట్టుకోండి, తప్పేం లేదు. కానీ 5 వోల్టుల మూడు పిన్నుల లైటు వైరుని 12 వోల్టుల నాలుగు పిన్నుల చోట గుచ్చకండి, గుచ్చిన క్షణంలో లైట్లు మాడిపోతాయి. తోసి పెడితే దూరుతుంది, అదే ప్రమాదం.

కొలతలు ఇప్పుడు రాసుకోండి. మీ బోర్డు 305 బై 244 మి.మీ., కాబట్టి ఏటీఎక్స్ మిడ్ టవర్ సైజు క్యాబినెట్ కావాలి. మూడు ఫ్యాన్ల 4070 సూపర్ కార్డులు చాలావరకు 300 మి.మీ. చుట్టుపక్కల ఉంటాయి, మీ కార్డు పెట్టె మీద ఖచ్చితమైన పొడవు చూడండి. క్యాబినెట్ వాళ్లు చెప్పే కార్డు పొడవు ముందు ఫ్యాన్లు లేకుండా చెప్పిందా, ఉండగానా అన్నది చూసుకోవాలి. ఫ్యాను మందం 25 మి.మీ. తీసేసి లెక్కేయండి. ఆ తర్వాత కూలర్ ఎత్తు: 155 కూలర్‌కి కనీసం 160 చోటుండాలి.

అందరూ మర్చిపోయేది ఇంకొకటుంది, కార్డు వెడల్పు. ఈ కార్డుల్లో ఎక్కువవాటికి పదహారు పిన్నుల పవర్ వైరు పైనుంచి గుచ్చుతాం. ఆ వైరు పిన్ను దగ్గర్నుంచి 35 మి.మీ. దాకా తిన్నగా ఉండాలి, ఆ తర్వాతే వంచాలి. క్యాబినెట్ సన్నగా ఉండి పక్క గాజు వైరుని నొక్కిందంటే కనెక్టరు సరిగ్గా కూర్చోదు, అక్కడ వేడెక్కి కరుగుతుంది. మీ కార్డుకి ఆ కనెక్టరే ఉంటే షాపులో టేపుతో కొలవడానికి మొహమాటపడకండి.

పేర్లు అడుగుతారని తెలుసు. నేను కట్టి, మళ్లీ సర్వీసుకి వచ్చినప్పుడు కూడా నచ్చినవి: కోర్సెయిర్ 4000డీ ఎయిర్‌ఫ్లో, ఇందులో 360 మి.మీ. కార్డు, 170 మి.మీ. కూలర్ పడతాయి. లియాన్ లి లాన్‌కూల్ 216, ముందు రెండు 160 మి.మీ. ఫ్యాన్లతోనే వస్తుంది, ఇంకేం కొనక్కర్లేదు. డీప్‌కూల్ సీహెచ్560, ముందు మూడు 140, వెనక ఒక 120 పెట్టి ఇస్తారు. మూడూ మీ 5 వేలు దాటేవే. వాటర్ కూలర్ మానేస్తే మిగిలే డబ్బుతో వీటిలో ఒకటి అందుకోవచ్చు, నేనైతే అదే చేస్తాను. ప్రాసెసర్ నాలుగైదేళ్లకి మారుస్తారు, మంచి క్యాబినెట్ రెండు మూడు బిల్డులకి వస్తుంది. 2013లో నేను కట్టిన ఒక మిషన్ లోపల ఇప్పుడు మూడో బోర్డు ఉంది, బయటి ఇనుము అదే. అంత పెట్టలేనంటే 5 వేల లోపల కూడా జాలీవి చాలా ఉన్నాయి, పైన చెప్పిన పరీక్షలు పెట్టి ఎంచుకోండి.

ఇనుము అన్నాను కాబట్టి తుప్పు గురించి. చౌకవాటిలో రేకు 0.5 మి.మీ. ఉంటుంది, మంచివాటిలో 0.7, 0.8. రేకు పలచనైతే మూత వంకర్లు పోతుంది, ఫ్యాన్లకి గడగడమంటుంది. పక్క మూత తీసి రెండు మూలలు పట్టుకుని మెల్లగా మెలిపెట్టి చూడండి, చేతికే తెలుస్తుంది. తిరువాన్మియూరులో బీచ్‌కి రెండు వీధుల ఇవతల ఉండే ఒకావిడ మిషన్ నాలుగేళ్లకి వెనక స్లాటు రేకులన్నీ (కార్డులు బిగించే సందుల మూతలు) ఎర్రగా తుప్పెక్కి వచ్చింది. స్క్రూలు తిరగలేదు. పెయింటు గీసుకుపోయిన చోటా, కోసిన అంచుల్లోనూ మొదలవుతుంది. వేళచ్చేరి సముద్రానికి అంత దగ్గర కాదు గానీ, లోపలి అంచులకి కూడా పెయింటు ఉందో లేదో చూసి తీసుకోండి. ఊరెళ్లి నెల రోజులు మిషన్ ఆపేసేకంటే, వానాకాలంలో ఎవరినైనా వారానికోసారి గంట సేపు వేయమని చెప్పండి. ఆ వేడికి తేమ ఆరిపోతుంది.

మూత తీసి వాడొద్దన్న రెండో కారణం బల్లులు. నవ్వొచ్చే విషయం కాదండి. వెచ్చగా ఉండే చోటికి బల్లీ బొద్దింకా రెండూ వస్తాయి. పెరంబూరులో ఒక విద్యార్థి మిషన్ రాత్రి ఠప్పుమని ఆగిపోయిందని తెచ్చాడు. విప్పితే కార్డు వెనక పిన్నుల మీద బల్లి. బోర్డూ కార్డూ రెండూ పోయాయి, వారంటీ వాళ్లు ఒప్పుకోలేదు. ఆ క్యాబినెట్ వెనక స్లాటు రేకులు విరిచి తీసే రకం. ఒకసారి విరిస్తే మళ్లీ పెట్టలేం, ఆ సందులోంచే దూరింది. స్లాటు మూతలు స్క్రూతో బిగించే రకమే తీసుకోండి, వాడనివన్నీ మూసి ఉంచండి.

అద్దె ఇంట్లో ఉన్నారు కాబట్టి ఇది తప్పకుండా చదవండి. కొత్త క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందని, క్యాబినెట్ బాగాలేదని వెనక్కిచ్చేవాళ్లు ఏటా కనీసం ఇద్దరు ముగ్గురు నాకు తగులుతారు. తప్పు దానిది కాదు, ఇంటి ఎర్తింగుది. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటు శుద్ధి చేసే చిన్న కెపాసిటర్లు ఉంటాయి, వాటి ఒక చివర ఇనుప బాడీకి కలిపి ఉంటుంది. ఎర్త్ ఉంటే ఆ కొద్దిపాటి లీకు భూమిలోకి పోతుంది. లేకపోతే బాడీ మీదే సుమారు 115 వోల్టులు నిలబడి, చెయ్యి పెట్టినప్పుడు మీ గుండా పోతుంది. సాధారణంగా ప్రాణాలకి ప్రమాదం ఉండదు గానీ, పెన్‌డ్రైవులకీ ఆడియో పోర్టులకీ మంచిది కాదు. అదే ఇంట్లో నిజంగా ఏదైనా షార్టయితే కాపాడాల్సిన ఎర్త్ ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ సాకెట్టుకి ఎర్త్ ఉందో లేదో చూపించండి, ఇంటి ఓనరుకి గట్టిగా చెప్పండి. రెండు పిన్నుల కన్వర్టరు పెట్టి మాత్రం వాడొద్దు.

కొనడానికి ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌కి వెళ్లేటట్టయితే ఎంఆర్‌టీఎస్ రైల్లో చింతాద్రిపేటలో దిగి నడవొచ్చు, మీకు వేళచ్చేరి నుంచి తిన్నగా అదే లైను. వెళ్లేటప్పుడు టేపు, మీ కార్డు కొలత, బోర్డు మాన్యువల్ ఫోటో పట్టుకెళ్లండి. ముందు వైపు సీ టైపు పోర్టు ఉన్న క్యాబినెట్ అయితే మీ బోర్డులో దానికి సరిపోయే హెడరు (వైరు గుచ్చే చోటు) ఉందో లేదో ఆ ఫోటోలో చూసుకోవచ్చు, లేకపోతే ఆ పోర్టు ఊరికే ఉంటుంది. పెట్టె అక్కడే విప్పించండి. గాజు మూలలు, స్క్రూల పొట్లం, ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డుని రేకుకి తగలకుండా ఎత్తి నిలిపే చిన్న కాళ్లు) సరిపడా ఉన్నాయా చూడండి. బోర్డుకి రంధ్రం లేని చోట స్టాండాఫ్ బిగించి ఉంటే తీసేయాలి, వెనక తాకి షార్టవుతుంది. బండి మీద తేవద్దు, ఆటోలో నిలువుగా పెట్టి తెచ్చుకోండి.

ఇంటికొచ్చాక పక్క గాజు తీసి ఎప్పుడూ టైల్స్ మీద ఆనించకండి. టెంపర్డ్ గాజు మధ్యలో గుద్దినా ఓర్చుకుంటుంది, అంచు టైలుకి తగిలితే మాత్రం ఒక్కసారిగా పొడిపొడి అయిపోతుంది. నా చేతిలోనే రెండు పోయాయి. పరుపు మీద పెట్టండి, లేదా దుప్పటి పరిచి పెట్టండి.

చివరగా మీరు అడగనిది ఒకటి. వేళచ్చేరిలో గ్రౌండ్ ఫ్లోర్ అన్నారు. 2015 డిసెంబరు వరదల తర్వాత అటువైపు నుంచి నా దగ్గరికి వచ్చిన మిషన్లన్నీ నేల మీద ఉన్నవే. ఎస్‌ఎంపీఎస్ అడుగునే ఉంటుంది కాబట్టి జానెడు నీళ్లకే మునిగిపోయింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి మళ్లీ అదే చూశాను. బల్ల కింద కాదు, బల్ల మీద పెట్టండి. బల్ల మీద చోటెంతుందో కూడా రిచీ స్ట్రీట్‌కి బయల్దేరే ముందే కొలుచుకోండి, గోడకీ క్యాబినెట్ వెనక్కీ మధ్య జానెడు వదిలిపెట్టి.